బలహీనులకే తొలి అడుగు

 

2006 జనవరి 12న మక్కా దగ్గరి మినాలో, హజ్ యాత్రికులు రాళ్లు వేసే జమరాత్ వంతెన దగ్గర జరిగిన తొక్కిసలాటలో 340 మందికి పైగా హాజీలు చనిపోయారు. ఆనాటి వీడియోలను డిర్క్ హెల్బింగ్ అనే శాస్త్రవేత్త బృందం తర్వాత పరిశీలించింది. సాఫీగా సాగిన జనం కాసేపటికి ఆగుతూ, కదులుతూ నడిచారు. ఆపైన నలువైపులా ఊగిపోయారు. అంత ఒత్తిడిలో మనిషి కాళ్లు అతని అదుపులో ఉండవు, ఎవరూ కావాలని తోయనక్కర్లేదు. ప్రమాదం ముందే సూచన ఇస్తుందన్నమాట. దాన్ని అప్పటికప్పుడే పసిగట్టే సాధనాలు చెయ్యడం ఈరోజు పట్టాలు అందుకుంటున్న యువ ఇంజినీర్లైన మీకు చేతనైన పని.

రద్దీని ఇలా అదుపు చెయ్యడం గురించి ఇస్లాం ఏమంటుంది? హజ్‌లో అరాఫాత్ మైదానం నుంచి బయల్దేరినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) జనాన్ని నెమ్మదిగా నడవమన్నారు, పరుగులో పుణ్యం లేదన్నారు. తర్వాతి మజిలీ ముజ్దలిఫాలో బలహీనులను రద్దీ కంటే ముందే, రాత్రిపూటే వెళ్లిపోనిచ్చారు. ప్రాణరక్షణ ఇస్లామీ ధర్మశాస్త్రమైన షరీఅత్ ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. కాబట్టి గుంపులకు వేళలు కేటాయించే సాఫ్ట్‌వేర్‌ను ఆరాధనకు అడ్డంకి అనుకోవడం పొరపాటు. నా దృష్టిలో అది ఆ సంప్రదాయానికి కొనసాగింపే.

అయితే ఇలాంటి సాధనాలకు ఒక హద్దుంది. ఇతరుల గుట్టు వెతకడాన్ని ఖురాన్ నిషేధించింది. రద్దీని లెక్కించే కెమెరాకు ముఖాలతో పని లేదు. దారి తప్పిన పెద్దావిడ ఆచూకీ కోసం తీసుకున్న వివరాలు ఆమె ఇల్లు చేరాక చెరిపెయ్యాలి.

ప్రమాదం రద్దీ ఒక్కటే కాదు. 2024 హజ్‌లో ఎండ 50 డిగ్రీలు దాటింది. 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి, నీడా విశ్రాంతీ లేక ఎండలో నడిచినవాళ్లే. అనుమతి కార్డు ఉన్నవాళ్లనే చూసే వ్యవస్థకు వీళ్లు కనపడరు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి హజ్‌కు వెళ్లేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు, చదువు రానివాళ్లు ఉంటారు. ఇహ్రామ్ తెల్లబట్టల్లో మగవాళ్లంతా ఒకేలా కనిపించే చోట, ఒకే తీరుగా ఉన్న గుడారాల వరుసల మధ్య, అరబ్బీ తెలియని తాతకు తన గుడారం ఏదో ఎలా తెలుస్తుంది? మెడలోని కార్డును ఎవరో ఒకరు స్కాన్ చెయ్యాలి, తనకు అర్థమయ్యే ఉర్దూలోనో తెలుగులోనో దారి వినపడాలి.

మీలో ఎవరైనా ఇలా దారి చెప్పే యాప్ చేస్తే, విడుదలకు ముందు దాన్ని చదువురాని ఒక అవ్వ చేతికివ్వండి. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవచ్చినప్పుడు, నెట్ అందనప్పుడు ఆమె దాన్ని వాడగలిగితేనే బయటికి పంపండి.