రంగంలో పాస్టరు గారికి పంపే టాబ్లెట్



పోయిన నెల కార్యక్రమం అయ్యాక ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళ మేనమామగారు యాంగోన్ లో ఒక చిన్న తెలుగు సంఘానికి పాస్టరుట. ఇంట్లో వూరికే పడున్న టాబ్లెట్ ఒకటి ఎవరిచేతైనా ఆయనకి పంపిద్దామని ఆవిడ ఆలోచన. "అందులో ఏమేం వేసి పంపమంటావు బాబూ, పరిచర్యకి పనికొచ్చేవి?" అని అడిగారు. నేను చటుక్కున నాలుగు పేర్లు చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక అనిపించింది, అవి డాలస్ లో వుండే పాస్టరు గారికి చెప్పాల్సిన పేర్లు కదా అని. యాంగోన్ లో కొన్నాళ్ళు పనిచేసిన వాణ్ణి, నేనే అలా చెప్తే ఎలా? అందుకని ఇవాళ సరిగ్గా చెప్తాను.

యాంగోన్ అంటే మన పెద్దవాళ్ళు "రంగం" అనేవారే, ఆ రంగూనే. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం వైపు నించి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ మునిమనవలు ఇంకా అక్కడున్నారు. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు కొందరు, 1962లో సైన్యం అధికారం తీసుకున్న తరవాత ఇంకొందరు ఇండియాకి తిరిగొచ్చేశారు. వుండిపోయిన వాళ్ళ పిల్లలకి బడీ, ఉద్యోగం, స్నేహాలూ అన్నీ బర్మీస్ లోనే. అంచేత ఆదివారం ఆరాధనలో తెలుగు బైబిలు చేతిలో పట్టుకున్న తాతగారూ వుంటారు, తెలుగు వింటే అర్థమవుతుంది కానీ ఒక్క అక్షరం రాని మనవడూ వుంటాడు. పాస్టరు గారు ఇద్దరికీ వాక్యం చెప్పాలి.

కాబట్టి మొదటిది యూవెర్షన్ బైబిల్. 2008లో ఐఫోన్ కి వచ్చింది, ఇప్పుడు అన్ని ఫోన్లలోనూ వుంది, ఉచితం. మన పాత తెలుగు అనువాదమూ, అడోనిరాం జడ్సన్ గారి బర్మీస్ బైబిలూ రెండూ అందులో వున్నాయి. జడ్సన్ గారు 1813లో రంగూన్ లో దిగి, 1834లో అనువాదం పూర్తి చేశారు. బర్మాలో ఇప్పటికీ చాలా సంఘాల్లో చదివేది అదే. ఒకే వచనాన్ని రెండు భాషల్లో పోల్చి చూసుకునే సదుపాయం కూడా వుంది. నోట్సు రాసుకుని, వ్యాఖ్యానాలు చూసుకునే అలవాటుంటే ఆండ్రాయిడ్ లో మైస్వర్డ్ వేయండి. మాథ్యూ హెన్రీ లాంటి పాత ఇంగ్లీషు వ్యాఖ్యానాలు అందులో దొరుకుతాయి.

అయితే వేసేసి వూరుకుంటే సరిపోదు. అక్కడ కరెంటు గంటల తరబడి వుండదు, నెట్ ఎప్పుడు ఆగుతుందో తెలీదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం తీసుకున్న తరవాత రాత్రిపూట నెట్ కట్టేసిన రోజులున్నాయి. అందుకని రెండు బైబిళ్ళూ మీ ఇంట్లోనే డౌన్ లోడ్ చేసి పెట్టండి. అన్ని అనువాదాలకీ ఆ వీలుండదు, లేనిదాన్ని నమ్ముకోకండి. తెలుగు ఆడియో బైబిలు కూడా మెమరీ కార్డులోకి ఎక్కించండి. మనవడికి తెలుగు బైబిలు చేరే దారి చెవి ఒక్కటే.

ఇప్పుడు అక్షరాల గొడవ. ఇది కొంచెం ఓపిగ్గా వినాలి. ఒక పాస్టరు గారు నా చేతిలో పెన్ డ్రైవ్ పెట్టి, తన ఇరవై ఏళ్ళ ప్రసంగాలు ఫోన్లో కనపడేట్టు చేయమన్నారు. తెరిచి చూస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ! అవి అను ఫాంట్లలో టైపు చేసినవి. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పద్ధతి అన్న మాట. ఆ ఫాంటు లేనిచోట తెలుగు లేదు. బర్మీస్ లో సరిగ్గా ఇలాంటి తలనొప్పే జాగీ. ఫోన్లన్నీ ఆ ఫాంటుతోనే నిండిపోయి, చివరికి 2019 అక్టోబరు 1 నించి ప్రభుత్వమే యూనికోడ్ కి మారుదామని ప్రకటించాల్సి వచ్చింది. జాగీలో రాసి పెట్టుకున్న పాత సండేస్కూలు పాఠాలు ఇప్పటి ఫోన్లో గజిబిజిగానే కనిపిస్తాయి. రెంటికీ ఉచితంగా దొరికే కన్వర్టర్లున్నాయి. యూనికోడ్ లోకి మార్చి, ఒకసారి చదివి తప్పులు దిద్దుకుని, ఒక కాపీ పీడీఎఫ్ చేసి పెట్టుకోమనండి. టైపు చేయడానికి కీమాన్ అనే కీబోర్డు వేయండి, తెలుగూ బర్మీసూ రెండూ వస్తాయి.

పాటల సంగతి చెప్పకపోతే ఎలా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పిల్లలకి నేర్పాలంటే తెలుగు మాటల్నే బర్మీస్ లిపిలో రాసిస్తే చాలుగా అని నేనూ అనుకున్నాను. కానీ బర్మీస్ వాళ్ళు "ర" అక్షరాన్ని మామూలుగా "య" అని పలుకుతారు. రంగూన్ యాంగోన్ అయిందీ అందుకే. ట, త లకి రెండక్షరాలున్నా పలకడం ఒకటే. దాంతో "రాజు" కాస్తా "యాజు" అవుతాడు, "పాట" పాతది అయిపోతుంది! అంచేత ఫోన్లో వుండే మామూలు రికార్డరే నా లెక్కలో అన్నిటికన్నా గొప్ప ఆప్. పాత రాగాలు తెలిసిన అమ్మమ్మల చేత ఈ ఏడాదే పాడించి పెట్టుకోవాలి. ఎస్ ఐ ఎల్ సంస్థ వాళ్ళ స్క్రిప్చర్ ఆప్ బిల్డర్ అని ఉచిత సాఫ్ట్ వేర్ వుంది. కంప్యూటర్లో కూర్చుని మాటలూ, గొంతూ కలిపి సంఘానికి సొంత పాటల ఆప్ తయారు చేయచ్చు. పాడుతుంటే ఆ పంక్తి రంగు మారుతుంది. నెట్ లేకుండా బ్లూటూత్ లోనే ఒకరి ఫోన్ నించి ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. మన పిల్లలు వేసవి సెలవల్లో చేసి పంపగల పని ఇది. కొత్త పాటలైతే రాసినవాళ్ళ అనుమతి అడగండి.

సంఘస్తుల లెక్కలు, హాజరు, కానుకలు చూసుకునే పెద్ద ఆప్ లు అరవై కుటుంబాల సంఘానికి అక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకోటుంది. 2024 ఫిబ్రవరి 10న అక్కడ నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. 18 నించి 35 ఏళ్ళ మగవాళ్ళూ, 18 నించి 27 ఏళ్ళ ఆడవాళ్ళూ దాని కిందకి వస్తారు. ఇప్పుడు ఆలోచించండి, మనం ముచ్చటపడి వేసిచ్చిన ఆప్ లో యవ్వనస్థుల పేర్లు, పుట్టిన తేదీలు, ఇళ్ళ చిరునామాలు వరసగా వుంటే? దారిలో ఫోన్లు తీసుకుని చూసే వూరది. "ఫలానా అబ్బాయి వూరు వదిలి వెళ్ళాడు, ప్రార్థించండి" అన్న ఒక్క వాట్సాప్ మెసేజి చాలు ఒక కుటుంబాన్ని ఇబ్బందిలో పెట్టడానికి. పాస్టరు గారికి మనుషులు ఒప్పుకుని చెప్పుకున్న సంగతులు ఫోన్లో వుండకూడదు. ప్రార్థన జాబితా రాసుకోవాలంటే పొడి అక్షరాలు చాలు, దేవుడికి ఇంటి నంబరు అక్కర్లేదు కదా! మాట్లాడుకోవడానికి సిగ్నల్ పెట్టి, మెసేజిలు వాటంతటవే చెరిగిపోయేట్టు అమర్చండి. తాళం వేలిముద్రతో కాకుండా అంకెలతో వుండనివ్వండి. ఫోటోలు, కాంటాక్టులు మీ ఖాతాలో కలిసిపోకుండా పాత ఖాతా పూర్తిగా తీసేయండి.

ఇంకో మాట. మంచి చేద్దామని వీపీఎన్ వేసి పంపకండి. 2024 మే నెలాఖరు నించి అక్కడ వాటిని అడ్డుకుంటున్నారు, 2025 జనవరి 1న సైబర్ భద్రత చట్టం కూడా వచ్చింది. వాడాలో వద్దో ఆయనకే తెలుసు, ఆ కష్టం పడేది ఆయన.

ఇదంతా ఆవిడకి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. "ఇంత వుందా! మరి అన్నీ సరిగ్గా వేశానో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. మీకూ అదే చెప్తున్నాను. పంపే ముందు వైఫై ఆపేసి, ఛార్జరు పక్కన పెట్టేసి, ఒక ఆదివారమంతా దాన్ని మీరే వాడి చూడండి. తెరుచుకోనివి తీసేయండి. ఒక పవర్ బ్యాంకు కూడా జత చేయండి.