తాగుడు పాటలు - పోసినోడెవడు, పాడినోడెవడు?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాటల దళాల్లో ఒక తగువు నడుస్తా ఉంది. కల్లు మీదా సారా మీదా మన పెద్దోళ్ళు కట్టిన పాటలు సభల్లో పాడొచ్చా, పాడకూడదా అని. పాడితే "వీళ్ళంతా తాగుబోతులు" అనే ఊరోళ్ళ మాటకి మనమే వంత పాడినట్టు అవుద్దని కొందరంటున్నారు. పాడకపోతే మన అమ్మానాన్నల నోరు మనమే నొక్కినట్టని ఇంకొందరంటున్నారు. రెండు మాటల్లోనూ బాధ ఉంది. అందుకే ఇవాళ ఈ తగువుని కాసేపు మన ఊరు దాటించి, దూరంగా పెట్టి చూద్దామనుకున్నాం.

ఇంగ్లీషోడనగానే మనకి గుర్రమెక్కిన దొర కళ్ళ ముందుకొస్తాడు. ఆ దొర పుట్టిన దేశంలో అతని బూట్లు తుడిచినోడు, గడ్డి కోసినోడు, బొగ్గు మోసినోడు కూడా ఉన్నారని గుర్తు రాదు. ఇంగ్లాండు, స్కాట్లాండు, ఐర్లాండు దేశాల్లో పొలం కూలీలు, నేతగాళ్ళు, రేవు పనివాళ్ళు, ఊరూరా తిరిగే సంచార జాతులు వందల ఏళ్ళుగా తాగుడు మీద పాటలు పాడుకున్నారు. దొరల పాటలు కావవి. కూలోళ్ళవి.

ముందుగా జాన్ బార్లీకార్న్ పాట చూద్దాం. బార్లీ అంటే యవల గింజ. వాళ్ళ బీరుకీ విస్కీకీ మూలం అదే. పాటలో ఆ గింజకి మనిషి పేరు పెట్టారు. 17వ శతాబ్దానికే ఈ పాట అచ్చులోకి వచ్చింది. అప్పట్లో పాటల్ని ఒంటి కాగితాల మీద అచ్చేసి వీధుల్లో, సంతల్లో అమ్మేవాళ్ళు. కథ ఏంటంటే, కొందరు మనుషులు బార్లీకార్న్‌ని చంపుతామని ఒట్టు పెట్టుకుంటారు. నేల దున్ని, అందులో పూడ్చి, తల మీద మట్టిపెళ్ళలు కప్పి, చచ్చాడు పొమ్మనుకుంటారు. వాన పడగానే వాడు తలెత్తుకుని లేస్తాడు. ఎండాకాలానికి గడ్డం పెంచుతాడు, వెన్ను మీద వచ్చే మీసాలే ఆ గడ్డం. అప్పుడు మోకాళ్ళ దగ్గర కోసేస్తారు, కట్ట కడతారు, బండికెత్తుతారు, కర్రలతో చావబాదుతారు. ఆఖరికి రెండు రాళ్ళ మధ్య వేసి పిండి పిండి చేస్తారు. ఇంత చేసినా గెలిచేది వాడే. పానీయమై వచ్చి, తనని కోసినోణ్ణే కింద పడేస్తాడు.

ఈ పాట కట్టింది పొలం పని తెలిసినోడే, అనుమానం లేదు. దుక్కి, విత్తనం, కోత, మోత, నూర్పిడి అన్నీ వరసలో ఉన్నాయి. కొందరు పండితులు ఇందులో ఏటేటా చచ్చి బతికే పాత దేవుణ్ణి వెతికారు. గట్టి ఆధారం మాత్రం చూపలేకపోయారు. కూలోడి పాటలో పని కనపడితే పండితుడికి తృప్తి ఉండదు గాబోలు, దేవుడు కనపడాలి! మాకు కనపడేది చాకిరీ. తొక్కినా, బాదినా, నలిపినా మళ్ళీ లేచే ఒకడు కూడా కనపడతాడు. కోసేవాళ్ళు పాడుకున్నా, వాళ్ళ మనసు కోతపడ్డ గింజ వైపే ఉందని మాకనిపిస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. స్కాట్లాండులో కౌలు రైతు కొడుకు రాబర్ట్ బర్న్స్ 1782లో ఈ పాటని తన పద్ధతిలో తిరగరాశాడు. ఏడేళ్ళ తర్వాత, 1789లో, పొట్ట గడవక అదే బర్న్స్ ఎక్సైజు ఉద్యోగంలో చేరాడు. గింజ గెలిచిందని పాట రాసిన చెయ్యే దాని మీద సర్కారు పన్ను లెక్క రాసింది.

ఇప్పుడు పోసినోడి దగ్గరికి వద్దాం.

ఇంగ్లాండు పడమటి జిల్లాలు డెవన్, సోమర్సెట్, హెరిఫర్డ్‌షైరుల్లో ఆపిల్ పళ్ళ రసం పులియబెట్టి సైడర్ అనే కల్లు తీసేవాళ్ళు. పొలం కూలీలకి కూలిలో ఒక భాగం డబ్బు, ఒక భాగం సైడరు. చిన్న చెక్క పీపా భుజానికి తగిలించుకుని పొలానికి పోయేవాళ్ళు. కోతకి పోతే కల్లు పోయించే ఆసామి మనకి కొత్తేం కాదు గదా! తాగనోడికి ఆ పీపా ఏం చేసుకోను? పిల్లల గంజిలో పోస్తాడా? ఆసామికి మాత్రం లాభమే. తన తోటలో పళ్ళు, తన గానుగ, తన పీపా. చేతి డబ్బు మిగిలింది. 1887లో చేసిన చట్టంతో పొలం కూలికి మత్తు పానీయం ఇవ్వటాన్ని నిషేధించారు. చట్టం వచ్చినా అలవాటు వెంటనే పోలేదు.

తూర్పు జిల్లాల్లో ఇంకో పద్ధతి. కోత ముఠా తమలో ఒక మేస్త్రీని ఎంచుకునేది. అతన్ని "కోతల దొర" అనేవాళ్ళు. ఆసామితో కూలి బేరం, బీరు బేరం రెండూ అతనే ఆడేవాడు. కోతలయ్యాక ఆసామి ఇంట్లో విందు. ఆ విందులో కూలీలంతా లేచి నిలబడి, ఈ విందు పెట్టిన యజమాని చల్లగా ఉండాలని పాడి తాగాలి. తర్వాత యజమానురాలికి. ఏడాదంతా గేటు బయట నిలబడ్డోడు ఒక్క రాత్రి బల్ల దగ్గర కూచుంటాడు, కూచున్నందుకు దీవెన పాట పాడతాడు. ఆ రాత్రి సంతోషం అబద్ధం అని మేం అనం. కడుపు నిండిన రాత్రులు ఎన్నని? కానీ విందుకి పెట్టిన ఖర్చు ఎవరి చెమట, పాటలో పేరు ఎవరిది అని అడగాలి.

బార్లీ మో అనే పాటలో ఈ సంగతి ఇంకా తేటగా ఉంటది. మో అంటే కుప్ప. ఇది గొలుసు పాట. చిన్న గిన్నెతో మొదలెట్టి, చరణానికో పెద్ద కొలత కలుపుకుంటా పీపా దాకా పోవాలి. తర్వాత పబ్బు యజమాని, అతని భార్య, కూతురు, బీరు కాచే కంపెనీవాడు, అందరికీ దీవెనే. ప్రతిసారీ మొదట్నించీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పాలి, నాలుక తడబడితే ఓడినట్టు. మంచి హుషారు పాట. అయితే ఆ వరస వినండి: కొలతలు పెరుగుతాయి, అమ్మేవాడు వస్తాడు, చేసేవాడు వస్తాడు. కొన్ని పాఠాల్లో పీపాలు తోలే బండివాడికీ పనిపిల్లకీ కూడా చోటుంది, అది బాగుంది.

పట్నంలో సంగతి మరీ ఘోరం. లండన్‌లో థేమ్స్ నది రేవులో ఓడల్లోంచి బొగ్గెత్తే కూలీలుండేవాళ్ళు. వాళ్ళకి పని ఇప్పించేది పబ్బుల యజమానులే. ఎక్కువ తాగేవాడికి ముందు పని. తాగనంటే రేపు పని లేదు. కూలి పంచేది కూడా పబ్బులోనే, తాగిన బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేవాళ్ళు. ఒక్కోసారి మిగిలేదేమీ లేదు. ఆ కూలీలు పోట్లాడగా పోట్లాడగా 1843లో చట్టం వచ్చింది, పని పంచటానికి వేరే ఆఫీసు పెట్టారు. హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత ఆ తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళ దగ్గరికిపోయి వాళ్ళ మాటల్లోనే ఇదంతా రాశాడు. పబ్బుల్లో కూలి చెల్లించకూడదని దేశమంతటికీ చట్టం చెయ్యటానికి 1883 దాకా పట్టింది. కూలోడు తాగుతాడని తిట్టిన పెద్దమనుషులు, తాగితేనే పని అన్నవాణ్ణి ఎంతమంది తిట్టారు?

పాటలన్నీ తాగుణ్ణి నెత్తికెత్తుకున్నాయని కూడా అనుకోవద్దు. ఐర్లాండు పబ్బుల్లో ఇవాళ బల్లలు గుద్దుతా, చప్పట్లు కొడతా పాడే వైల్డ్ రోవర్ పాట ఉంది. 1960ల్లో డబ్లినర్స్ అనే దళం పాడాక ప్రపంచమంతా పాకింది. దాని మూలం 17వ శతాబ్దపు ఇంగ్లీషు ఒంటి కాగితంలో ఉంది. పాటలో ఉన్నోడు ఏళ్ళ తరబడి తాగి తగలేసినోడు. పాత పబ్బుకి పోయి అప్పు అడిగితే యజమానురాలు లేదు పొమ్మంటది. జేబులోంచి బంగారు నాణేలు తీస్తాడు. వెంటనే ఆమె ముఖం విచ్చుకుంటది, మంచి సరుకంతా ఉందంటది. వాడు తాగడు, ఇంటికి పోతానంటాడు. తాగుడు మానేసినోడి పాట అది! దాన్ని తాగుతా పాడుతున్నారు. పాట ఎవరి అంగట్లో పాడితే వాళ్ళ సరుకైపోతదనటానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

నాన్సీ విస్కీ పాటతో మాకు పేచీ ఉంది. గ్లాస్గో పక్కన కాల్టన్ అనే నేతపేట ఉండేది. పాటలో కుర్ర నేతగాడు నాన్సీ విస్కీ అనే దానితో ప్రేమలో పడి కూడబెట్టిందంతా పోగొట్టుకుని, మళ్ళీ మగ్గం దగ్గరికి పోతాడు. సారాకి ఆడమనిషి పేరు పెట్టి, నన్ను చెడగొట్టింది ఆమె అంటున్నాడన్నమాట. అదే కాల్టన్‌లో 1787లో కూలి తగ్గించారని నేతగాళ్ళు సమ్మె కడితే సైన్యం కాల్పులకి ఆరుగురు చచ్చిపోయారు. జేబు ఖాళీ చేసినోళ్ళు ఇంకా ఉన్నారు, పాటలో లేరు. రాత్రి పొయ్యి ముందు ఎదురు చూసిన ఇల్లాలి గొంతు కూడా ఇలాంటి పాటల్లో బహు తక్కువ. 1992లో నెల్లూరు జిల్లా ఆడోళ్ళు సారా దుకాణాల మీదికి పోయినప్పుడు మన దగ్గర ఆ గొంతు వినపడింది. ఇక్కడ కూచున్న అక్కలు ఈ పాటకి జవాబు పాట కడితే మాకు సంతోషం.

ఇక "తాగుబోతు జాతి" అన్న ముద్ర సంగతి. ఐర్లాండులో 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప పంట కుళ్ళి మహా కరువొచ్చింది. సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కి పరాయి దేశాలకి పోయారు. అమెరికాలో వాళ్ళు ఇటుకలు మోశారు, కాలవలు తవ్వారు. 1860ల్లో న్యూయార్కులో అచ్చయిన ఫినెగన్స్ వేక్ పాటలో నాయకుడు టిమ్ ఫినెగన్ అలాంటి ఇటుకల కూలీయే. పొద్దున్నే చుక్కేసుకుని పనికిపోయి, నిచ్చెన మీంచి పడి తల పగిలి చస్తాడు. శవం దగ్గర జాగారం, తాగుడు, కొట్లాట. ఆ కొట్లాటలో విస్కీ మీద ఒలికి శవం లేచి కూచుంటది. ఐరిషు భాషలో విస్కీ మాటకి మూలం "జీవజలం" అని అర్థం, అదీ చమత్కారం. తమ వాళ్ళ మధ్య ఐరిషోడు పాడితే ఇది చావుని వెక్కిరించే పాట. నాటకం హాల్లో పరాయివాళ్ళు టిక్కెట్టు కొని చూసి నవ్వితే అదే పాట ఐరిషోణ్ణి వెక్కిరించేది. నిచ్చెన మీద ప్రాణాలు పోగొట్టుకునే కూలీలు నిజంగా ఉన్నారని ఎవరికీ తట్టదు.

తాగుడు మాన్పించేవాళ్ళంతా మనవాళ్ళే అనుకోవటం కూడా పొరపాటు. ఐర్లాండులో కార్క్ పట్నంలో ఫాదర్ మాథ్యూ అనే కాథలిక్ గురువు 1838 ఏప్రిల్ 10న ఉద్యమం మొదలెట్టి లక్షల మందితో తాగమని ఒట్టేయించాడు. మంచి పనే. 1845లో అమెరికా నల్ల బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ కార్క్ పోయి ఆయన ముందే ఒట్టేశాడు. డగ్లస్‌కి ఆ సంగతి ఒంటికి తెలుసు. క్రిస్మస్ సెలవుల్లో యజమానులు కావాలనే బానిసలకి తాగబోస్తారనీ, స్వేచ్ఛ అంటే ఈ మత్తే అనుకుని రోసిపోయి వాళ్ళే మళ్ళీ చాకిరీకి పోవాలని ఆ ఎత్తు అనీ అదే ఏడు తన జీవిత కథలో రాశాడు. 1849లో ఫాదర్ మాథ్యూ అమెరికా పోయాడు. బానిసత్వం తప్పని ఒక్క మాట అనమంటే అనలేదు, దక్షిణాది యజమానులు దూరమవుతారని. సీసా వదలమన్నాడు, సంకెల సంగతి ఎత్తలేదు. డగ్లస్ ఆయన్ని బాహాటంగానే విమర్శించాడు.

ఈ పాటల్ని దాచిందెవరో కూడా చెప్పుకోవాలి. 1903లో సిసిల్ షార్ప్ సోమర్సెట్‌లో ఒక తోటమాలి నోట పాట విని సేకరణ మొదలెట్టాడు. పల్లెల్లో ముసలోళ్ళ దగ్గర వేలకొద్దీ రాసుకున్నాడు. అచ్చులో మాత్రం మోటు మాటలు తీసేసి పెద్దింటి పిల్లలకి పనికొచ్చేటట్టు సవరించాడు. అంతకుముందు బేరింగ్ గూల్డ్ అనే చర్చి గురువు కూడా అంతే. నయమేంటంటే, విన్నది విన్నట్టు రాసుకున్న చేతిరాతలు మిగిలాయి.

బాగా ఎక్కువ పాటలు దాచింది ఊరి బయటోళ్ళు. సంచార జాతులు. జిప్సీల పెద్దలు వెయ్యేళ్ళ కింద మన దేశం నుంచి పోయినోళ్ళే. ఐర్లాండు, స్కాట్లాండుల్లో ట్రావెలర్లని వేరే సంచార జాతులున్నాయి. స్కాట్లాండులో జీనీ రాబర్ట్‌సన్ ఆ జాతి మనిషే. 1953లో హామిష్ హెండర్సన్ ఆమె పాటలు విని నోరెళ్ళబెట్టాడు. కార్క్‌లో పుట్టిన మార్గరెట్ బారీ సంతల్లో, వీధుల్లో బాంజో వాయించుకుంటా పాడి, తర్వాత లండన్ పబ్బుల్లో పాడి పేరు తెచ్చుకుంది.

అదే లండన్‌లో ఒక పబ్బు తలుపు మీద ట్రావెలర్లకి ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. కోర్టు దాకా పోయింది. జిప్సీలు ఒక జాతి, జాతి వివక్ష చట్టం వాళ్ళకి వర్తిస్తుందని 1988లో అప్పీలు కోర్టు తేల్చింది. ఐర్లాండులో 2000లో సమాన హోదా చట్టం ట్రావెలర్ల పేరు పెట్టి మరీ వివక్ష కూడదంది. 2003లో పబ్బుల మీద ఫిర్యాదులని మామూలు జిల్లా కోర్టులకి మార్చారు, పేదోడికి దారి కష్టమైంది. ప్రత్యేక జాతిగా గుర్తింపు 2017 మార్చి 1న గాని రాలేదు. పాట లోపలికి పోవచ్చు, పాడే జాతి బయటుండాలి. రెండు గ్లాసుల హోటళ్ళు చూసిన మనకి దీన్ని విడమరిచి చెప్పాలా?

అందుకని మా మాట ఇది. కల్లు పాటలు దాచొద్దు, సవరించొద్దు. పాడే ముందు ఆ కల్లు ఎవరు పోశారో, కూలిలో ఎంత పట్టుకున్నారో సభకి చెప్పి పాడండి. వచ్చే తరగతికి ఒక్కొక్కరు ఒక్కో పాట రాసుకు రండి. పాడినవాళ్ళ పేరు, చేసిన పని, అప్పటి కూలి పక్కన రాయండి. మోటు మాటలుంటే ఉండనీయండి. ఇప్పుడు భోజనాల లోపల వెనక కూచున్న పెద్దమ్మ ఒక పాట పాడతానంది. డప్పు కాస్త కాచుకుని రండి.