అడవి నుండి కడలికి

సముద్రము చూచి రావలెనని ములకలపల్లి మిత్రులతో కలసి తలపెట్టితిమి. అడవి దాటి దమ్మపేట, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెముల మీదుగా కొవ్వూరు చేరి, గోదావరి దాటి కాకినాడ. అటనుండి తీరము వెంట ఉప్పాడ. దారి కుదిరినది, దినము కుదరలేదు. దసరా సెలవులే మేలని కొందరు పట్టుపట్టిరి. మేము సమ్మతింపలేదు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినది గదా! ఉప్పాడ సంగతి మరియొకటి: అచట కడలి ఏటేట ఒడ్డును కోయుచున్నది, అడ్డుగా పేర్చిన బండరాళ్లును కెరటములకు జారుచున్నవి. రోడ్డు తెగినచో పిఠాపురము మీదుగా చుట్టుకొని పోవలసినదే. అందుచే సంక్రాంతి వెళ్లిన పిదపనే అని తేల్చితిమి. శ్రోతలలో ఎవరైనను పోదలచినచో, తీరపు రోడ్డు బాగున్నదో లేదో కాకినాడలోనే విచారింపుడు. మనము వేడుకకై చూచు ఆ కెరటములే పల్లెకారుల ఇండ్లనెన్నింటినో మ్రింగినవి. వారు వలలు ఆరవేయు చోట కారు నిలుపకుడు.