రోగశేషము – శుద్ధవాయువు

(మన సంఘ వార్షిక మహాసభయందు జదివిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన మాకు ఆ విషయము కొత్త గాదు. అయినను చదువుటకు దేహము వలయును; దేహమునకు శ్వాసము వలయును. మన పిల్లలలో గొందఱు చదువు మానుటకును, మన గృహములందు గొందఱు మంచము విడువలేకుండుటకును హేతువగుచున్న యొక వ్యాధి గలదు. దానినిగూర్చియు, దాని నివారణకై మన సంఘము తన చేతులతో జేయదగిన పనినిగూర్చియు నేడు విన్నవింతుము.

2019వ సంవత్సరము డిసెంబరు మాసమున చీనాదేశమందలి వూహాను నగరములో బయల్వెడలిన కోవిడు వ్యాధి, 2020 జనవరి 30వ తేదీన కేరళమందు మన దేశమున మొదటిసారి నిర్ధారితమయ్యెను. 2021 ఏప్రిలు, మే నెలలలో వచ్చిన రెండవ విజృంభణమును మఱచినవారు ఈ సభలో నుండరు. ప్రాణవాయువు సిలిండరుల కొఱకు ఊరూర దిరిగినవారును, కన్నతల్లిని కడసారి చూడనోచుకొననివారును మనలో గలరు. 2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించెను. నాటినుండి లోకులు వ్యాధియే ముగిసినదని తలచి నిశ్చింతులైరి. వైరసు మాత్రము జనులలో దిరుగుచునే యున్నది. ఒకమాఱు సోకి మంచమునుండి లేచినవారిలో గొందఱు నేటికిని పూర్వపు మనుష్యులు గాలేకున్నారు.

అప్పును, నిప్పును, పగను కొంచెమైనను మిగులనీయరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆ వరుసలో రోగమును గూడ జేర్చవలయును. రోగశేషమనగా నెట్టిదో తెలుగువారికి జికున్‌గున్యా ముందే నేర్పినది. 2005-06 సంవత్సరములలో ఆ జ్వరము మన నేలపై వ్యాపించినపుడు, జ్వరము మూడునాలుగు దినములలో దిగిపోయినను కీళ్లనొప్పులు నెలల తరబడి నిలిచినవి. చెంబు పట్టుకొని నీళ్లు వంచుకొనలేని వృద్ధులను మనమందఱము చూచితిమి. వారి బాధ నెవ్వరును అబద్ధమనలేదు. కోవిడు విడుచు శేషము కీళ్లకంటె లోతైన తావులందు దాగుచున్నది. అందుచేత చూచువారికి గానరాదు.

దీనికి లాంగ్ కోవిడు అను పేరు పెట్టినది వైద్యులు గారు. ఇటలీ దేశస్థురాలును పురాతత్త్వశాస్త్రజ్ఞురాలును అగు ఎలీసా పెరేగో యను రోగపీడితురాలు 2020 మే నెలలో ఆ మాటను మొదట వాడెను. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి లక్షణము నిర్ణయించినది. కోవిడు సోకిన మూడు నెలల పిమ్మట గనబడుచు, రెండు నెలలకు తక్కువ గాకుండ నుండి, వేరొక కారణముచే జెప్పనలవిగాని బాధ యిదియని దాని సారము. మితిమీరిన యలసట, ఆయాసము, మఱపు, ఏకాగ్రత నిలువకుండుట, నిలుచున్నంతనే గుండెదడ, నిద్రలేమి మొదలుగా నిన్నూఱుకు పైబడిన లక్షణములు వ్రాయబడినవి. కోవిడు సోకినవారిలో నూటికి సుమారాఱుగురు దీనికి లోనగుదురని ఆ సంస్థ 2025లో దెలిపినది. ఆఱు చిన్న సంఖ్యయని తలపవలదు. సోకినవారు కోట్లకొలదిగా నున్నపుడు నూటికాఱు లక్షలకొలది యగును.

ఇది మనసులోని భ్రమ గాదనుటకు దృష్టాంతములు రెండు చూపుదుము. ఇంగ్లాండుదేశమున 785 మందికి మెదడు చిత్రములు రెండుమాఱులు తీసిరి. రెండు చిత్రములకు నడుమ వారిలో 401 మందికి కోవిడు సోకెను. సోకినవారి మెదడులో వాసనకు సంబంధించిన భాగములందు బూడిదరంగు పొర, సోకనివారికంటె నెక్కువగా సన్నగిల్లినట్లు ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు 2022 మార్చిలో ప్రకటించిరి. వారిలో బెక్కురు ఆసుపత్రికి బోనక్కఱలేనంత స్వల్పముగా జబ్బుపడినవారే. అదే సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికాదేశమున, కోవిడు సోకిన లక్షన్నరకు మించిన మాజీ సైనికుల వైద్యలేఖలను పరిశీలించి, సంవత్సరకాలమువఱకును హృద్రోగముల ముప్పు వారియందు హెచ్చుగా నుండెనని తేల్చిరి. వైరసు యొక్క యంశములు దేహమందు నిలిచిపోవుటయో, రక్షకశక్తి దారితప్పుటయో, సూక్ష్మమైన రక్తపుగడ్డలో, స్వయంచాలక నాడులు చెడుటయో దీనికి గారణములై యుండవచ్చునని శాస్త్రజ్ఞులు విచారించుచున్నారు. దీనిని నిర్ధారించు నొక్క పరీక్షయైనను, మాన్పు నొక్క మందైనను ఇంకను లభింపలేదు.

ఇక లోకవ్యవహారమునకు వత్తము. మాయొద్ద జదివి యుద్యోగమున బ్రవేశించిన యువకు డొకడు 2021లో కోవిడు సోకి, ఆసుపత్రికి బోకయే పది దినములలో లేచెను. ఆఱు నెలలైనను మేడమెట్లెక్కినచో గుండె దడదడ కొట్టుకొనుచుండెను. లెక్క చూడ గూర్చున్నచో నంకెలు చెదరిపోవుచుండెను. పరీక్షలన్నియు సరిగా నున్నవని వచ్చినవి. పై యధికారి సోమరి యనెను. ఇంటివారు మనోవ్యాధి యనిరి. తుదకు వాడే తన్ను దాను శంకించుకొనెను. “మాస్టారూ, రోగముకంటె నీకు రోగము లేదను మాటయే నన్నెక్కువ బాధించుచున్నది” అని వాడు మాతో జెప్పెను. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలయం దెక్కువగా గనబడుచున్నది. వంటయింట నిలువలేక కూలబడిన కోడలిని అత్తవారు పనిదొంగ యనుటయు, పుట్టింటివారు సర్దుకొమ్మనుటయు మన యిండ్ల సంగతులే. ఈ రోగులలో బెక్కురకు శ్రమించినకొలది వ్యాధి ప్రకోపించును. “లేచి తిరిగిన అదే పోవును” అను హితవు వారిని మఱల మంచమెక్కించును. మితముగా బనిచేసి యలయకముందే విశ్రమించుటయే నేటికి వైద్యులు వారికి జెప్పు ముఖ్యమైన జాగ్రత్త.

మందు లేని రోగమునకు రాకుండ జూచుకొనుటయే గట్టి మందు. టీకాలు ఈ ముప్పును దగ్గించునుగాని పూర్తిగా దొలగింపవు. మఱల మఱల సోకిన ప్రతిసారియు ముప్పు మఱల నెదురగును. కావున సోకుట యెట్లో తెలిసికొనవలయును.

మొదట మన మందఱము చేతులు కడిగితిమి. కూరగాయలను గూడ గడిగితిమి. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థయే యీ వ్యాధి గాలిద్వారా వ్యాపింపదని ప్రకటించియుండెను. ఆ నెల 10వ తేదీన అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున నొక గాయకబృందమువారు 61 మంది మూసిన మందిరమున రెండున్నర గంటలు గానాభ్యాసము జేసిరి. ఒకరిలో నున్న వ్యాధి ఆ యొకరితో గలిపి 53 మందికి గనబడెను, ఇరువురు మరణించిరి. అంతకుముందే జనవరిలో చీనాలోని గ్వాంగ్‌ఝౌ నగరమున నొక భోజనశాలలో మూడు బల్లలయొద్ద గూర్చున్న మూడు కుటుంబములవారికి, బయటిగాలి రాని గదిలో దిరిగిన అదే గాలివలన వ్యాధి సోకెను. ఆ జూలైలో లిడియా మొరావ్‌స్కా మొదలగు 239 మంది శాస్త్రజ్ఞులు గాలిని పట్టించుకొనుడని బహిరంగలేఖ వ్రాసిరి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనిని అంగీకరించెను. రోగి మాటాడునపుడును, పాడునపుడును, ఊరక శ్వాసించునపుడును వెలువడు నతిసూక్ష్మకణములు, మూసిన గదిలో అగరువత్తి పొగవలె గంటలకొలది తేలుచుండును. పొగ నిలిచిన గదిలో దూరముగా గూర్చున్నను కంటికి మంట తప్పదు గదా!

ఇది నిజముగా గొత్త విద్య గాదు. క్షయరోగము గాలిచే సోకునని 1950వ దశకము తుదలో రైలీ యను వైద్యుడు అమెరికాలోని బాల్టిమోరు నగరమున నిరూపించెను. క్షయరోగుల గదులలోని గాలిని గొట్టములద్వారా గినీపందుల యొద్దకు బంపగా వానికి క్షయ సోకెను. అదే గాలిని అతినీలలోహిత కిరణములతో శుద్ధిచేసి పంపగా, నా గాలి పీల్చినవి సురక్షితముగ నుండెను. మన మదనపల్లె చెంత నూఱేండ్లకు బూర్వమే ఆరోగ్యవరమందు క్షయచికిత్సాలయము వెలసినది. క్షయకు మందు లేని యా దినములలో అట్టి చికిత్సాలయములలో విశ్రాంతియు, మంచి యాహారమును, నిర్మలమైన గాలియుమే చికిత్స.

సంస్కృతమున గిటికీకి వాతాయనమని పేరు. వాతమునకు అయనము, అనగా గాలి నడచు త్రోవ. వెలుతురు గొఱకు, దృశ్యము గొఱకు కాక గాలి గొఱకే మన పూర్వులు దానికి నామకరణము జేసిరి. మండువా లోగిళ్లలో నడుమ నాకసము గనబడుచుండెను. వేడిగాలి పైకి బోవ జల్లనిగాలి వాకిటినుండి వచ్చుచుండెను. నేడు మన కల్యాణమండపములందు కిటికీలకు అద్దములు బిగించి, తెరలు వ్రేలాడదీసి, ఏ.సి. యంత్రములు నడుపుచున్నాము. గోడకు బిగించు నా యంత్రములలో బెక్కు, గదిలోని గాలినే చల్లార్చి మఱల గదిలోనికే వదలును, బయటిగాలిని దేవు. వేయిమంది బంధువులు మూడు గంటలు ఒకరు విడిచిన గాలిని వేఱొకరు పీల్చి, అక్షతలు చల్లి యింటికి వత్తురు. గోడమీది వెంటిలేటరును మూసివైచి, ఆసుపత్రిలోని వెంటిలేటరును వెదకుకొనుట మనకు దగునా?

1854లో లండను నగరమున జాన్ స్నో యను వైద్యుడు కలరా యొక బావిపంపు నీటివలన వచ్చుచున్నదని కనుగొనెను. నాటినుండి క్రమక్రమముగా లోకము నేర్చిన పాఠ మొకటి గలదు: నీటిని త్రాగువాడు శుద్ధి చేసికొనుటకంటె, ఊరికి బంపకముందే శుద్ధి చేయుట మేలు. సత్రములో భోజనమునకు వచ్చినవాని నీళ్లు నీవే కాచుకొని తెచ్చుకొమ్మని మన మనము. గాలి విషయమున మాత్రము, భయమున్నవాడు ముసుగు కట్టుకొనునని యూరకుందుము. రద్దీ చోట్ల ముసుగు మంచిదే. కాని భోజనము చేయువాడును, నిద్రించు బాలుడును దానిని ధరింపలేరు. ఆతిథ్య మిచ్చువాడు నీటికి బాధ్యుడైనట్లే గాలికిని బాధ్యుడు.

దీనికి ఉపాయములు సులభములు. మనము విడుచు బొగ్గుపులుసు వాయువును గొలుచు చిన్న యంత్రము కొలది వేల రూపాయలకు దొరకును. బయటిగాలిలో నది పదిలక్షల భాగములకు సుమారు 420 లేక 430 భాగము లుండును. గదిలో 800 లోపున నున్నచో గాలి చక్కగా మాఱుచున్నదని గుర్తు. 1500, 2000 దాటినచో నొకరి యూపిరి నొకరు పీల్చుచున్నారని యెఱుంగవలయును. మధ్యాహ్నపు పాఠమున మూసిన తరగతిలో పిల్లలు కునుకుపాట్లు పడుటకు గారణము మా వ్యాకరణము మాత్రమే గాకపోవచ్చును! గంటకు గదిగాలి అయిదుమాఱులైన శుద్ధమగునట్లు చూడుడని అమెరికా వ్యాధినివారణ సంస్థ 2023లో సూచించెను. ఎదురెదురు కిటికీలు తెఱచుట, ఎగ్జాస్టు పంకాలు బిగించుట, వీలుకానిచోట హెపా వడపోత యంత్రములు నుంచుట దీనికి మార్గములు. 2020లో రిచర్డ్ కోర్సి, జిమ్ రోసెంథాల్ అను నిరువురు నాలుగు వడపోతపలకలను, నొక పంకాను అట్టపెట్టెవలె గూర్చి చౌకయైన యంత్రమును బ్రచారములోనికి దెచ్చిరి. దానిని హైస్కూలు విద్యార్థులు గూడ గట్టగలరు.

బయటిగాలియే చెడియుండగా కిటికీ తెఱచి యేమి లాభమని కొంద ఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. సూక్ష్మధూళి ఘనపు మీటరున కేటి సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పగా, మన దేశపు ప్రమాణము 40. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము ప్రభుత్వపు శుద్ధవాయు ప్రణాళికలో జేరిన నగరములు. అయితే వైరసును బట్టు వడపోతయే ధూళిని గూడ బట్టును. ఒక్క వ్యయముతో రెండు శత్రువులు నశించును.

కావున ఈ మహాసభవారి యెదుట నాలుగు తీర్మానములు ప్రతిపాదించుచున్నాము. మొదటిది: మన విద్యార్థి వసతిగృహమునందును, కల్యాణమండపమునందును గాలిని గొలుచు యంత్రములుంచి, ఆ యంకె యందఱకు గనబడునట్లు చేయవలయును. రెండవది: ఇకముందు సంఘనిధులతో గట్టు ప్రతి భవనమునకును గాలి వచ్చుపోవు త్రోవలు పటమునందే చూపనిది ధనము విడుదల చేయరాదు. మూడవది: ఒక యేడు తప్పిన విద్యార్థికి వేతనము నిలుపు నియమమున, దీర్ఘరోగపీడితులకు వైద్యుని పత్రముపై మినహాయింపు గలుగవలయును. నాలుగవది: ఇట్టి రోగులు, ముఖ్యముగా స్త్రీలు, చెప్పుకొను బాధ విని తగిన వైద్యునియొద్దకు బంపుటకు నిరువురు సభ్యులతో, వారిలో నొకరు స్త్రీ యగునట్లు, ఉపసంఘము నేర్పఱుపవలయును.

పోషకమహాశయులు ద్వారములకు శిలాఫలకములు వేయించుచున్నారు, అది శ్లాఘ్యమే. ఈసారి యెవ్వరైన నొక్క పంకాకును, నొక్క వడపోత యంత్రమునకును ద్రవ్య మొసంగినచో, దానిపై పేరు చెక్కుటకు జోటుండదు. అయినను ఆ గదిలో నిద్రించు పేదబాలుడు రాత్రియంతయు నా దాత యిచ్చిన గాలినే పీల్చును. అన్నదానము పూటకొకమాఱు, ఈ దానము క్షణక్షణము జరుగునది.

 ఈ తీర్మానములను జర్చించి యామోదింతురుగాక యని కోరుచు విరమించుచున్నాము. సర్వులకును ఆయురారోగ్యములు గలుగుగాక. స్వస్తి.