కారు బ్రేకులలోని గాలిని ఇంటివద్ద తీయడం



తిరువళ్ళూరు, తిరుత్తణి పట్టణాల తెలుగు కుటుంబాలకు తిరుమల దూరపు క్షేత్రం కాదు. నగరి, పుత్తూరు, రేణిగుంటల మీదుగా సొంత కారులో వెళ్ళి వచ్చేవారు అనేకులు. ఆ ప్రయాణంలో బ్రేకుకు అసలు పరీక్ష కొండ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. 1974లో తెరచిన రెండవ కనుమదారి ఎక్కడానికి, 1944 నాటి మొదటి కనుమదారి దిగడానికి వాడుకలో ఉన్నాయి. ఆ దిగుడు మలుపులలో పాదం పదే పదే బ్రేకుపై పడుతుంది. తిరుత్తణి కొండకు కూడా మెట్లదారితో పాటు వాహనాల బాట ఉన్నది; అది చిన్నదే అయినా వాలు వాలే. కొంచెం మెత్తబడిన బ్రేకుతో ఊరి వీధులలో నెలల తరబడి సర్దుకొని నడిచిన కారు అటువంటి చోట సర్దుకోదు.

బ్రేకు మెత్తబడడమంటే ఏమిటి? పాదం నొక్కిన బలాన్ని మాస్టర్ సిలిండర్ నుండి నాలుగు చక్రాలకు చేర్చేది సన్నని గొట్టాలలోని ద్రవం. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. గొట్టంలో గాలిబుడగలు చేరితే పాదం బలమంతా వాటిని నొక్కడానికే ఖర్చవుతుంది. పెడలు లోపలికి దిగిపోయి, రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కితే గట్టిపడుతున్నదంటే సాధారణంగా గాలి చేరిందని గ్రహించవలెను. డబ్బాలో ద్రవం మట్టం తగ్గుతూ ఉంటే సంగతి వేరు. ఎక్కడో కారుతున్నది, లేదా బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. అప్పుడు గాలి తీసినందువల్ల ప్రయోజనం లేదు.

అందరూ 'బ్రేకు ఆయిలు' అని పిలిచే ఈ ద్రవం నిజానికి నూనె కాదు. ఆ పేరును నమ్మి ఇంజను ఆయిలు పోసేవారున్నారు. దానివల్ల లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. సామాన్యంగా కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం గలవి. కార్తీకపు వానలలో మూత తీసి ఉంచిన ఉప్పు జాడీ ఎట్లా చెమ్మగిల్లుతుందో, ఇదీ అంతే. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. కనుమదారిలో బ్రేకులు కాగినప్పుడు ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి కూడా గాలివలెనే కుదించుకుపోతుంది కనుక పెడలు నేలకు తగులుతుంది. బండి ఆపి చల్లారనిస్తే ఆవిరి మళ్ళీ నీరై, పెడలు యథాస్థితికి వస్తుంది. ఏమీ కాలేదనుకొని ఇల్లు చేరేవారు ఇక్కడే మోసపోతారు. రెండేళ్ళకొకసారి ద్రవం మార్చమని అనేక కంపెనీలు చెప్పడానికి కారణమిదే.

ఇక పని విషయం. ఈ ప్రాంతంలో స్పానరు పట్టిన చేతులకు కొదవ లేదు. పాడి, అంబత్తూరు కర్మాగారాలలో పనిచేసినవారు ఎందరో. తిరువళ్ళూరు వద్దనే హిందూస్థాన్ మోటార్స్ వారు మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారు చేశారు. అయినా ఈ పనికి నేర్పు కంటే ఓర్పు ఎక్కువ అవసరం.

సమతలమైన చోట బండిని గేరులో నిలిపి, ఇంజను ఆపి, నేలపైనున్న చక్రాలకు అడ్డు పెట్టవలెను. జాకీతో ఎత్తిన పిదప బరువు ఇనుప స్టాండుపై నిలవాలి. జాకీని నమ్మరాదు, ఇటుకలను అసలే నమ్మరాదు. మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రంతో ప్రారంభించడం చాలా కార్లలో పద్ధతి. మన దేశపు కార్లలో అది తరచు వెనుక ఎడమ చక్రం. కొన్నింటి వరుస వేరు కనుక కారుతో ఇచ్చిన పుస్తకం చూడవలెను. చక్రం వెనుక బ్లీడర్ నిపుల్ అనే చిన్న మర ఉంటుంది. అది తుప్పుపట్టి ఉంటే ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాలి; బలవంతం చేస్తే విరుగుతుంది. దానికి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండవ కొనను కొంచెం కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచి ఉంచవలెను.

పెడలు వద్ద ఒకరు, చక్రం వద్ద ఒకరు ఉండాలి. ఇద్దరికీ ఒకరికొకరు కనబడరు, మాటే ఆధారం. ఈ ఊళ్ళ షెడ్లలో మాట సగం తమిళం, సగం తెలుగు. తమిళంలో 'పిడి' అంటే పట్టుకో అని. తెలుగు చెవికి అది కత్తి పిడి. 'విడు' రెండు భాషలకూ ఒకటే, కాని విడవవలసినది పాదమా, నిపులా అన్నది ఆ మాటలో లేదు. కనుక తొక్కు, పట్టు, విడు అనే మూడు మాటలకు అర్థం ముందే నిర్ణయించుకోవాలి. మూడుసార్లు మెల్లగా తొక్కి, పట్టి ఉంచి, 'పట్టాను' అని బదులు చెప్పిన పిదపనే నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయవలెను. బుడగలతో ద్రవం వస్తుంది, పెడలు దిగుతుంది, పాదం అక్కడే ఉండాలి. నిపుల్ బిగించాకనే 'విడు' అనాలి. ముందు విడిస్తే బయటి గాలి లోపలికి పోతుంది. పెడలు వద్ద ఇంటి పెద్దవారు కూర్చుంటే 'తొక్కండి, పట్టండి, విడవండి' అనవలసి వస్తుంది. మర్యాద పెరిగినా వరుస మారరాదు. పాత కార్లలో పెడలు పూర్తిగా నేలకు దిగితే మాస్టర్ సిలిండర్ సీళ్ళు చెడవచ్చు. దాని కింద చిన్న చెక్కముక్క పెట్టడం మంచిది.

బుడగలు ఆగి, స్వచ్ఛమైన ద్రవం వచ్చేవరకు ఇట్లా చేసి తరువాతి చక్రానికి పోవాలి. ప్రతి ఐదారు తొక్కుళ్ళకు పైడబ్బాలో ద్రవం చూసి నింపుతూ ఉండాలి. అది ఖాళీ అయితే చేసిన పనంతా మొదటికి వస్తుంది. ఏబీఎస్ గల కార్లలో గాలి ఆ పరికరంలోకే చేరితే చాలాచోట్ల స్కానరు లేనిదే తీయలేరు. అప్పుడు బండిని మెకానిక్ వద్దకు లాగించుకొని పోవలెను, నడుపరాదు.

పని ముగిశాక ఇంజను ఆపి ఉంచి, పెడలును అర నిమిషం గట్టిగా నొక్కి పట్టాలి. దిగుతూ పోతే ఎక్కడో లోపం ఉన్నట్లే. ఇంజను స్టార్టు చేసినప్పుడు కొద్దిగా దిగి నిలవడం సహజం. నిపుల్‌ల వద్ద తడి లేదని చూసుకొని, ఖాళీ వీధిలో మనిషి నడక వేగంతో నాలుగైదుసార్లు ఆపి చూడవలెను. కొండదారి మరొక రోజుకు.

ద్రవం రంగుపై పడితే పెయింటు లేచిపోతుంది; వెంటనే నీటితో కడగాలి. బయటికి తీసిన ద్రవాన్ని తిరిగి వాడరాదు. దానిని శీతల పానీయాల సీసాలో ఉంచడం అన్నిటికంటె ప్రమాదం: అది విషం, పిల్లలకు తేడా తెలియదు. మూత బిగించి, పేరు రాసి, ఇంటి హానికర చెత్తగా వేరుచేసి పారిశుద్ధ్య సిబ్బందికి ఇవ్వవలెను. మురుగు కాలువలో పోయరాదు. తిరువళ్ళూరు పక్కనే కొసస్తలై నదిపై ఉన్న పూండి జలాశయం చెన్నై తాగునీటి ఆధారాలలో ఒకటి.