జర్మనీ చదువు, తునికాకు లెక్క

(భద్రాచలంలో ఆదివాసీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన దానికి రాతరూపం)



విదేశాల్లో తక్కువ పైసలతో ఎట్లా చదువుకోవాలి, ఎట్లా తిరగాలి అన్నది చెప్పమన్నారు. నాకు తెలిసింది జర్మనీ ఒక్కటే, కాబట్టి దాని గురించే చెబుతా. మాది మణుగూరు వైపు కోయగూడెం. డ్రెస్డెన్ పక్కన థారంట్ అనే చిన్న ఊళ్లో రెండేళ్లుగా అడవుల చదువు చదువుతున్నా. అక్కడ ఆ చదువు 1811 నుంచి ఉంది. మన దేశంలో ఫారెస్టోళ్లకి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా 1864లో కూర్చున్న బ్రాండిస్ కూడా జర్మనీ మనిషే. పోడు కొట్టినందుకు మన తాతలు కట్టిన జరిమానాల ఆనవాలు వెతుక్కుంటూ పోతే నేను చదివే దేశానికే చేరతాం. ఆ ముచ్చట ఇంకోరోజు.

తక్కువలో బతకడం మనకి ఇంకొకరు నేర్పక్కర్లేదు. తునికాకు డబ్బు ఎట్లా వాడతామో గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలంలో ఒక్కసారి చేతికొస్తుంది. విత్తనాలకు ఇంత, జూన్‌లో బడి తెరిస్తే పిల్లలకు ఇంత, జ్వరాల కాలానికి ఇంత అని మీ అమ్మ పక్కన పెడుతుంది. బోనస్ వస్తుందని చెబుతారు. ఎప్పుడో తెలియదు కాబట్టి దాన్ని లెక్కలో పెట్టుకోం. విదేశీ చదువు లెక్క కూడా అచ్చం ఇంతే. ఎంత ఖర్చవుతుంది అని అందరూ అడుగుతారు. ఏ పైసలు ఏ నెలలో చేతికొస్తాయి అని ఎవరూ అడగరు. మన పిల్లలు ఆగిపోయేది అక్కడే.

వివరంగా చెబుతా. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాల వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఉంది. ఇంకొన్ని చోట్ల కూడా ఉంది, చూసుకోవాలి. లెక్క సులువు కోసం యూరో అంటే 100 రూపాయలు అనుకోండి. ఫీజు లేదు గదా అని సంబరపడే లోపే వీసా వాళ్లు ఒక మాట అంటారు. నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్లో చూపించమంటారు. అంటే దాదాపు 12 లక్షలు, విమానం ఎక్కక ముందే.

మరి మన రాష్ట్రం ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్? 20 లక్షల వరకు ఇస్తారు, టికెట్ కూడా ఇస్తారు. కానీ రెండు విడతలు. మొదటిది అక్కడ దిగి, చేరినట్టు కాగితాలు పెట్టాక. రెండోది మొదటి సెమిస్టర్ మార్కులు పెట్టాక. చూశారా, 12 లక్షలు ముందు కావాలి, 20 లక్షలు తర్వాత వస్తాయి. ఈ మధ్యలో ఉన్న గుంతలోనే షావుకారు కూర్చుని ఉంటాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తే నెలకు 15,000, ఏడాదికి లక్షా ఎనభై వేలు వడ్డీకే. ఎడ్లు పోతాయి, చెల్లె చదువు ఆగుతుంది. పేపర్లో మాత్రం 'ఆదివాసీ బిడ్డకు 20 లక్షల సాయం' అని వస్తుంది.

ఆ గుంత పూడ్చే దారులు మూడు చెబుతా.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదటిది. దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికే. అందులో 3 సీట్లు పీవీటీజీలకు. అంటే మన దగ్గర కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి పిల్లలకు. ఇంటి ఆదాయం ఏడాదికి 6 లక్షలు దాటకూడదు. ఇది వస్తే ఫీజు, బతుకు ఖర్చు రెండూ వాళ్లవే. బ్లాక్డ్ అకౌంట్‌కు బదులు స్కాలర్‌షిప్ లెటర్ కూడా చూపించొచ్చు. 20 మందిలో మనకెక్కడ వస్తుందిలే అని అప్లికేషనే పెట్టరు మనోళ్లు. పెట్టండి. 1920ల్లో జైపాల్ సింగ్ ముండా రాంచీ పక్క ఊరి నుంచి ఆక్స్‌ఫర్డ్ పోయి చదివాడు. అప్పుడు ఒక్క సీటు కూడా రిజర్వ్ లేదు.

రెండోది బ్యాంకు. ఏజెన్సీ భూమి అమ్మితే ఆదివాసీకే అమ్మాలి కాబట్టి దాని మీద రుణానికి బ్యాంకులు అంత సులువుగా ముందుకు రావు. 1/70 మనల్ని కాపాడే చట్టం, దాన్ని తప్పు పట్టేవాళ్ల మాట వినకండి. భూమి సంగతే ఎత్తకండి. 7.5 లక్షల వరకు తాకట్టు లేని విద్యారుణానికి ప్రభుత్వ గ్యారంటీ ఫండ్ ఉంది. మేనేజర్‌ను ఆ మాటే అడగండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాసిమ్మనండి.

మూడోది మనోళ్లే. ఉద్యోగాల్లో ఉన్న టీచర్లు, సింగరేణిలో చేసేవాళ్లు. వాళ్ల దగ్గరికి పోయేటప్పుడు ఒక విషయం అర్థమయ్యేట్టు చెప్పాలి: బ్లాక్డ్ అకౌంట్లో వేసే డబ్బు ఎవరికో కట్టే ఫీజు కాదు. అది మన పేరు మీదే ఉంటుంది, నెలనెలా 992 చొప్పున మనకే తిరిగొస్తుంది. దాంతో మనం బతుకుతాం. విడత రాగానే ఆ మొత్తం వాళ్లకు తిరిగి ఇచ్చేస్తాం. మా ఊళ్లో నలుగురు కలిసి నాకు ఇట్లాగే ఇచ్చారు. తేదీలతో కాగితం రాసుకున్నాం. మొదటి విడతను నేను నా ఖర్చులో కలపలేదు, అది అప్పటికే వాళ్ల డబ్బు.

ఇంకొకటి. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ నాకు ప్రైవేటు యూనివర్సిటీ చూపించింది. సీటు వారంలో వస్తుందన్నారు, ఫీజు లక్షల్లో. ప్రభుత్వ యూనివర్సిటీల పేర్లు అడిగితే 'మీకు కష్టం అమ్మా' అన్నారు. మన సర్టిఫికెట్ చూసి అన్న మాట అది. డీఏఏడీ అనే జర్మన్ సంస్థ వెబ్‌సైట్లో ఇంగ్లీషులో చెప్పే చాలా కోర్సులు ఫీజుతో సహా ఉచితంగా చూసుకోవచ్చు. మన డిగ్రీ కాగితాలను సరిచూసే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు అవుతుంది, అది తప్పదు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందా లేదా ఈ రాత్రికే చూసుకోండి. మన కోయ ఇంటిపేర్లను ఒక్కో ఆఫీసు ఒక్కో రకంగా రాస్తుంది.

ఇక దిగిన తర్వాత. అక్కడ మొదటి నెలే గండం. బ్లాక్డ్ అకౌంట్లో 12 లక్షలు ఉన్నా చేతికి రూపాయి రాదు. ముందు గది కావాలి. గది యజమాని ఇచ్చిన కాగితం పట్టుకుని మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆ తర్వాత అక్కడి బ్యాంకు ఖాతా. ఆ ఖాతా తెరిచాకే నెలనెలా డబ్బు రావడం మొదలవుతుంది. మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. అందుకే కార్డులో విడిగా 1,200 యూరోలైనా పెట్టుకుని ఎక్కండి. గది చూడకుండా అడ్వాన్స్ పంపమనేవాడు దొంగ, సందేహమే వద్దు. అడ్వాన్స్ కూడా మూడు నెలల అద్దెకు మించి అడగకూడదని అక్కడ చట్టం.

గది గురించి ఇంకో మాట, ఇది బయట ఎవరూ చెప్పరు. తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చవక గదులు దొరుకుతాయి. కొన్ని చోట్ల మంచోళ్లే. కొన్ని చోట్ల రెండో ప్రశ్నే 'మీ ఇంటిపేరేంటి, మీరేమిటోళ్లు?' అని. ఏడు వేల కిలోమీటర్లు పోయినా ఈ ప్రశ్న మన వెనకే విమానం ఎక్కుతుంది. కాబట్టి అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్టూడియెరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సంక్షేమ సంస్థ హాస్టల్‌కు అప్లికేషన్ పెట్టండి. క్యూ పొడుగ్గా ఉంటుంది, కానీ ఆ ఫారంలో కులం గడి ఉండదు. నా గది వేడి, నీళ్లతో కలిపి 300 యూరోలు.

మిగతా లెక్క త్వరగా చెబుతా. హెల్త్ ఇన్సూరెన్స్ 145 దగ్గర, తగ్గించే దారి లేదు. తిండికి 170. ఫోన్ 10. టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి 18.36 రేడియో పన్ను, ముగ్గురం పంచుకుంటాం. మొత్తం 640 దాటదు. మిగిలేదాన్ని సెమిస్టర్ ఫీజుకు, వీసా పొడిగింపుకు, ఇంట్లో ఏదైనా అయితే టికెట్‌కు దాచుకుంటా. ఎర్రపప్పు, మిరపకాయలు టర్కీ వాళ్ల కొట్లలో చవక. మధ్యాహ్నం యూనివర్సిటీ మెన్సాలో తినొచ్చు. ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు, పారేయకండి. ఆదివారం కొట్లు మూత, శనివారమే తెచ్చుకోవాలి. చలి కోటు ఇక్కడ కొనొద్దు, అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి. సామానులో నెయ్యి, ఎండు మాంసం పెట్టకండి, ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు. ఎండు చేపలకు అనుమతి ఉంది. ఇది విన్నప్పుడు మా అమ్మ మొహం చూడాల్సింది.

పని చేయొచ్చు, ఏడాదికి 140 పూర్తి రోజులు. 2026 నుంచి గంటకు కనీసం 13.90 యూరోలు. కానీ మొదటి సెమిస్టర్‌లో పని నమ్ముకుని పోవద్దని నా మాట. ఆ మార్కుల మీదే రెండో విడత ఆధారపడి ఉంది.

తిరగడం సంగతి. డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటుంది. 2026లో నెలకు 63 యూరోలు, చాలా యూనివర్సిటీల్లో 60 శాతం ధరకే సెమిస్టర్ ఫీజులో కలిపి ఇస్తారు. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, ప్యాసింజర్ రైళ్లు ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి ఫాస్ట్ రైళ్లు ఎక్కకూడదు, ఎక్కితే కనీసం 60 యూరోలు పడుతుంది. అందరూ సెలవుల్లో పారిస్ పోయి ఫొటోలు పెడతారు. పోండి, నాకేం కోపం లేదు. నేను మాత్రం ఆ టికెట్ మీద లుసాటియా పోయా.

డ్రెస్డెన్ నుంచి బౌట్సెన్ దాదాపు గంట. స్టేషన్లో ఊరి పేరు రెండు భాషల్లో ఉంటుంది, రెండోది బుదిషిన్. అది సోర్బుల భాష. జర్మనీ లోపలే దాదాపు 60,000 మంది ఉన్న చిన్న జాతి వాళ్లు. వాళ్ల నేల కింద బొగ్గు ఉంది. మన మణుగూరు ఓపెన్‌కాస్ట్ లాగే తవ్వారు. లుసాటియాలో వందకు పైగా ఊళ్లు పోయాయి. హోర్నో అనే ఊరు 2000 తర్వాత కూడా పోయింది. బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర రాజ్యాంగంలో సోర్బుల నివాస ప్రాంతానికి రక్షణ రాసి ఉన్నా పోయింది. ఐదో షెడ్యూల్ కింద పుట్టిన మనకి ఇది విడమర్చి చెప్పాలా? ఆ ఊరివాళ్లు వెళ్లి స్థిరపడిన ఫోర్స్ట్‌లో, పోయిన ఊళ్ల పేర్లు, జ్ఞాపకాలు దాచిన ఒక చిన్న మ్యూజియం ఉంది. ఆ రోజు నా ఖర్చు ఇంటి నుంచి కట్టుకుపోయిన పులిహోర, ఒక టీ.

అక్కడ నన్ను ఎక్కువ ఆపింది పిల్లల బడి సంగతి. భాష పోతోందని సోర్బులు వితాయ్ అనే పద్ధతి పెట్టుకున్నారు. అంగన్‌వాడీ వయసు పిల్లలతో రోజంతా సోర్బు భాషలోనే మాట్లాడతారు. మన కోయ పిల్లలకు మూడో ఏట అంగన్‌వాడీలో ఏ భాష వినిపిస్తోంది? దీని గురించి నేను రాసుకున్న నోట్సు ఉంది, టీచర్లు ఎవరైనా అడిగితే ఇస్తా.

స్కాలర్‌షిప్ నోటిఫికేషన్లో ఏ దేశాలు ఉన్నాయో, ఆదాయ పరిమితి ఎంతో ఏటా మళ్లీ చదవాలి. పోయిన ఏడాది కాగితం పట్టుకుని రావద్దు. భోజనాల తర్వాత వేపచెట్టు కింద కూర్చుంటా. పాస్‌పోర్టు, టెన్త్ మెమో తెచ్చుకున్నవాళ్లు ముందు రండి, ఇంటిపేర్లు సరిచూద్దాం. జోహార్.