తోటకు చెట్ల కాపు



మన సముద్రతీరపు ఇసుక భూములలో సేద్యము చేయు రైతునకు నీటి చింతతోపాటు గాలి చింతయు తప్పదు. వేసవిగాలి ఇసుకను లేపి లేతమొక్కలను కొట్టును. నేలలోని తేమను హరించును. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండము పట్టినచో అరటితోట ఒక్కరాత్రిలో నేలకొరుగును. ఇందుకు మన తీరమున రైతులు ఎరిగిన ఉపాయము సరుగుడు వరుస. దానిని పెంచు పద్ధతిని గూర్చి నేడు ముచ్చటింతము.

గాలికి అడ్డు అనగానే గోడవంటిది కావలెనని తోచును. కాని గోడకు తగిలిన గాలి పైకెగసి ఆవలి ప్రక్క సుడులు తిరుగుచు పడును. చెట్లవరుస జల్లెడవలె గాలిని వడగట్టవలెను. సరుగుడు సన్నని రెమ్మలు ఇందుకు చక్కగా తగినవి. వరుస ఎత్తునకు సుమారు పదిరెట్ల దూరము వరకు గాలి ఉధృతి బాగుగా తగ్గును. అనగా 10 మీటర్ల చెట్లు 100 మీటర్ల పొలమును కాచును.

మృగశిర, ఆరుద్ర వానలకు నేల లోతుగా తడిసిన పిమ్మట సముద్రము వైపున రెండు మూడు వరుసలు నాటవలెను. మొక్కకు మొక్కకు 2 మీటర్ల ఎడముంచి, ఒక వరుసలోని ఖాళీకి ఎదురుగా రెండవ వరుస మొక్క వచ్చునట్లు చూడవలెను. చచ్చిన మొక్కల చోట స్వాతి వానల లోపుగానే క్రొత్తవి పెట్టవలెను. ఒక్క సందున్నను గాలి అందు దూరి మరింత వేగము పుంజుకొనును. మొదటి రెండు వేసవులు కుండనీరు పోయవలెను. పశువులు మేయకుండ ముళ్లకంప కట్టవలెను. వంటచెరకునకై క్రింది కొమ్మలు కొట్టరాదు. వేళ్లు పంటలోనికి రాకుండ నడుమ చిన్న కందకము త్రవ్వుట మేలు.

అసలు పరీక్ష నాలుగైదేండ్లకు వచ్చును. ఒకవైపు అప్పువడ్డీ పెరుగుచుండును; మరొకవైపు కర్రల బేరగాడు రొక్కముతో గుమ్మమున నిలుచును. అంతయు ఒక్కసారి నరికించినచో ఆ ఏటి తోట గాలిపాలే. సరుగుడు నరికిన మొదలు నుండి బాగుగా చిగుర్చదు, మరల నాటవలసినదే. కావున లోపలి వరుసను మాత్రము అమ్మి, అచ్చట నాటినవి ఎదిగిన తరువాతనే వెలుపలి వరుసను ముట్టవలెను. గట్టువెంట తాటిటెంకలు కూడ పాతినచో అవి నిదానముగా పెరిగి మనుమల కాలమున కాపు కాయును.

1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన వంటిదానిని, 2018 అక్టోబరులో ఉద్దానపు కొబ్బరిని కూల్చిన తిత్లీ తుపాను వంటిదానిని ఈ వరుసలు ఆపలేవు. అట్టి వేళ హెచ్చరిక విని తుపాను రక్షణ భవనమునకు చేరుటయే ప్రాణరక్షణ. కాని ఏటేట వీచు గాలి నుండి పంటను కాచునది ఈ చెట్లే. బేరమునకు ఒప్పుకొనుటకు ముందు, ఆ ఏడు తోటకు మిగులు వరుస ఏదియో ఒక్కమారు లెక్క చూచుకొనుడు.